రాత్రికో హత్య

"ఖతం అంటారు కదా మీ వైపు? అదే. కేసు ఖతం" అని ప్రభాకర్ నా బల్ల మీద ఒక కాగితం పరిచి, గాలికి ఎగరకుండా నా సిరాబుడ్డినే దాని మీద పెట్టాడు.

పోలీసు యాక్షన్ జరిగి ఏడాది కావస్తోంది. నిజాం కాలపు అమీన్‌ను నేను, అంటే సబ్ ఇన్‌స్పెక్టర్‌ను, సూర్యాపేట ఠాణాలో అదే పాత కుర్చీలో ఉన్నాను. నా నెత్తి మీద బెజవాడ నుంచి వచ్చిన సర్కిల్ ఇన్‌స్పెక్టర్ ప్రభాకర్ ఉన్నాడు. మకాం కోదాడలో. తెలివితక్కువవాడు కాదు, లంచం ముట్టడు. నాకొచ్చిన చిక్కల్లా అదే. లంచగొండి అయితే నాలుగు తిట్లు తిట్టుకుని ఊరుకునేవాణ్ణి. ఈయనకున్న జబ్బు తొందర. తొందరకు మందు లేదు.

కాగితం మీద ఉన్నది బండి తోలుకుని బతికే దుర్గయ్య వాంగ్మూలం. సర్కారు గంజాయి దుకాణం పిచ్చయ్యను తూకపు సేరు రాయితో తల మీద కొట్టి చంపి, పెట్టెలో ఉన్న సరుకు ఎత్తుకుపోయానని అందులో ఉంది. నిన్న పొద్దున దుకాణం వెనక గదిలో పిచ్చయ్య శవం కనబడింది. నేను పంచనామా పూర్తి చేయకముందే దుర్గయ్య తనంతట తానే ఠాణాకు నడిచొచ్చి, "పిచ్చయ్యను నేనే సంపిన" అన్నాడు. అంత సులువుగా వచ్చిన ఖూనీ కేసు నా నౌకరీలో ఇంకొకటి లేదు. అందుకే నాకు మింగుడు పడలేదు.

"సేరు రాయి అని దుర్గయ్యే అన్నడా, మీరు రాసుకున్నరా?" అని అడిగాను.

"బరువైన దానితో కొట్టానన్నాడు. శవం పక్కన దొరికింది సేరు రాయే కదండీ."

"వెనక గదిల అని వాడే చెప్పిండా?"

"దుకాణంలో అన్నాడు. వెనక గది దుకాణంలోది కాదా? యోహాను గారూ, పిచ్చయ్య గంజాయి అమ్మనన్నాడు, వీడికి పిచ్చెక్కింది, కొట్టాడు. రేపు పొద్దున్నే మిర్యాలగూడ తీసుకెళ్ళి మేజిస్ట్రేటు ముందు వేలిముద్ర వేయిస్తాను. ఆ తరవాత ఉరి పడుతుందో యావజ్జీవం పడుతుందో కోర్టు చూసుకుంటుంది."

"ఒకసారి నేను గూడ అడుగుత."

"అడగండి. చెడగొట్టకండి" అన్నాడు.

లాకప్‌లో దుర్గయ్య కంబళి కప్పుకుని గోడకు ఆనుకున్నాడు. బయట మేం ఎండకు మాడుతుంటే వాడు వణుకుతున్నాడు, వణుకుతూనే చెమటలు కక్కుతున్నాడు. పొద్దున పెట్టిన జొన్నరొట్టె ముట్టుకోలేదు, ఈగలు తింటున్నాయి. ఎడమ మణికట్టుకు నల్లదారం ఉంది.

"ఎప్పటిసంది తాగుతలేవు?" అన్నాను.

"జాన్‌పహాడ్ దర్గా కాడ ఈ దారం కట్టించుకున్న కాంచి ముట్టలే, సాబ్. అమాస ముందట కట్టించుకున్న. నా పెండ్లం సాయమ్మ అలిగి గరిడేపల్లికి తల్లిగారింటికి పోయింది. మానితేనే వస్తనన్నది. మానిన. వచ్చింది."

"మానినంక ఎట్లుంది?"

దుర్గయ్య అరచేతులతో మొహం రుద్దుకున్నాడు. "అన్నం నోట్ల వెట్టుకుంటె మన్ను తిన్నట్టుంటది. ఎవలన్న పలకరిస్తె కొట్టబుద్ధయితది. ఎడ్లను ఎన్నడు కొట్టనోన్ని, మొన్న కర్ర ఇరిగెదాక కొట్టిన. బండి తొవ్వల పోతలేదని బేరగాళ్లు గూడ పిలుస్తలేరు. కన్ను మూస్తె..."

"మూస్తే?"

"పిచ్చయ్య దుకాణం కనవడ్తది."

నేను నేల మీదే కూర్చున్నాను. "ఆ రాత్రి ఏమైందో మొదటికెల్లి జెప్పు. ఏదీ ఇడువకు."

"దుకాణానికి పోయిన. చిటికెడు ఇయ్యి అన్న. ఇయ్య అన్నడు. నీకు అమ్మనని సాయమ్మకు మాటిచ్చిన అన్నడు. రేషమొచ్చి కొట్టిన. మా అవ్వ 'ఇంకొకటి కొట్టు బిడ్డా' అన్నది. ఇంకొకటి కొట్టిన."

"మీ అవ్వ ఏడికెల్లి వచ్చింది?"

"తక్కెడ పట్టుకోని తూస్తుండె, సాబ్."

"మీ అవ్వ బతికే ఉన్నదా?"

"లేదు సాబ్. నాకు మీసాలు రాకముందే పోయింది."

నా వెనక వరండాలో పచార్లు చేస్తున్న ప్రభాకర్ బూట్ల చప్పుడు ఆగింది.

"ఇంకెవరున్నరు?"

"మా ఎర్రెద్దు. దుకాణంల పండుకున్నది. గన్ని మెట్లు ఎట్లెక్కిందో నాకు సమజ్ కాలే."

"ముందటి రాత్రి ఏం చేసినవు దుర్గయ్యా?"

"ముందటి రాత్రి గూడ కొట్టిన. దాని ముందటి రాత్రి బాయిల నూకిన."

"మరి రాత్రికోసారి సచ్చినోడు పొద్దుగాల దుకాణం ఎట్ల తెరిచిండు?"

"గదే పరేషాన్, సాబ్. రోజు పొద్దుగాల పోయి దూరం కాంచి సూసి వస్తుంటి. కూసోని ఉంటుండె. నా పానం నిమ్మళమైతుండె. నిన్న పోతె జనం మూగిండ్రు, పిచ్చయ్య సచ్చిండన్నరు. ఈసారి నిజంగనే కొట్టిన అనుకున్న."

"అది కల అని తెల్వలేదా నీకు?"

"నాకు కలలేడియి, సాబ్? ఏండ్ల సంది రాలే. తాగి పంటె తెల్లారెదాక ఒళ్లు తెల్వకుంటుండె. కల ఎట్లుంటదో గూడ మరిసిపోయిన."

ముందు నాకు కోపం వచ్చింది, ఆ తరవాతే జాలి వచ్చింది. నల్లగొండ జైల్లో పని చేసిన రోజుల్లో ఈ బాపతు మనుషుల్ని చూశాను. గంజాయి అలవాటైనవాడికి అది అందకపోతే ముందు నిద్ర పట్టదు, ఆకలి వెయ్యదు. నిద్ర తిరిగి వచ్చేటప్పుడు ఇన్నాళ్ళూ రాని కలలన్నీ కలిసికట్టుగా వచ్చి మీద పడతాయి. ఒకడు తన తమ్ముడు చచ్చాడని మూడు రోజులు ఏడ్చాడు. తమ్ముడు ములాఖత్‌కు వచ్చి ఎదురుగా నిలబడ్డా నమ్మలేదు.

బయటికి రాగానే ప్రభాకర్‌ను పట్టుకున్నాను.

"అవ్వ ముచ్చట, ఎద్దు ముచ్చట మీకు చెప్పలేదా?"

"చెప్పాడు. మత్తులో ఉన్నవాడు వాగిందంతా రాసుకుంటామా?"

"మత్తుల లేడు. మత్తు లేకనే గిట్లయిండు."

"మాటలు బాగున్నాయండీ. చొక్కా సంగతేమిటి? వచ్చినప్పుడు తడిసి ఉంది. రక్తం కడిగేశాడు."

ఆ చొక్కా సాక్ష్యం కింద నా బీరువాలోనే ఉంది. తీసి బల్ల మీద పరిచాను. ఇప్పుడు ఎండిపోయింది. మెడ చుట్టూ, చంకల కింద, వీపు మీద తెల్లటి చారలు కట్టి ఉన్నాయి.

"ఉతికిన చొక్కా మీద ఉప్పు తేలుతదా? ఇది రాత్రంతా కారిన చెమట. నమ్మకుంటే నాలుక పెట్టి చూడుండ్రి."

ప్రభాకర్ మొహం ఎర్రబడింది. "హద్దులో మాట్లాడండి."

"హద్దులనే ఉన్న. మీ లెక్కన ఖూనీ చేసి సరుకు ఎత్తుకపోయిండు గదా. ఎత్తుకపోయి ఏం చేసిండు, పూజ చేసిండా? ఆ రాత్రి తాగి ఉంటే పొద్దున గింత వణుకు ఎందుకుంటది? కలెందుకు వస్తది? వాని పెయ్యి సూస్తె తెలుస్తలేదా, దినాల సంది గంజాయి పొగ గూడ తగల్లేదని?"

ఆయన చొక్కా వైపు చూశాడు, కాగితం వైపు చూశాడు. తొందర ఒక్కటి లేకపోతే మంచి పోలీసే అనిపించే క్షణాలు ఆయనకీ ఉన్నాయి.

"ఆ మాట మీరంటే చెల్లదు, డాక్టరు అనాలి" అన్నాడు చివరికి. "మిర్యాలగూడ దవాఖానా డాక్టరు మశూచి టీకాలకని ఇక్కడికే వచ్చాడుగా. సాయంత్రం పిలిపిస్తాను. గంజాయి మానినందువల్లే ఈ స్థితి అని రాసిస్తే ఆగుతాను. లేకపోతే రేపు మిర్యాలగూడే."

దుర్గయ్య మెడ ఇప్పుడు ఆ వణుకు మీద ఆధారపడి ఉంది. సాయంత్రం దాకా అది నిలవాలి. ఒక మనిషి బాధ తగ్గకూడదని కోరుకోవాల్సి రావడం నాకేం బాగా లేదు. లాకప్ కాపలా ఉన్న జవాను ఫకీరాను పిలిచి, లోపలికి నీళ్ళు, తిండి తప్ప బీడీ కూడా పోకూడదని చెప్పాను. "జీ సాబ్" అన్నాడు ఫకీరా. ఏం చెప్పినా అంతే అంటాడు.

మెట్ల మీద సాయమ్మ కూర్చుని ఉంది. కంటి కింద కమిలిన మచ్చ ఇంకా పోలేదు. నన్ను చూడగానే లేచి కాళ్ళకు అడ్డం పడింది.

"ఒక్క దమ్ము ఇప్పియ్యుండ్రి, సాబ్. బాంచన్. సచ్చిపోయెటట్టున్నడు."

"నువ్వే గదా మాన్పిచ్చింది?"

"నేనే మాన్పిచ్చిన, నా నోట్ల మన్ను వడ. పిచ్చయ్య కాళ్లు గూడ మొక్కి అమ్మొద్దన్న. తాగినప్పుడు నవ్వుతుండె, తింటుండె, పిలిస్తె పలుకుతుండె. పైసలు ఇంటికి రాకపోతుండె, గంతె. మానినంక మనిషే కాదు. కంచం ఇసిరిగొట్టిండు. నన్ను కొట్టిండు. మళ్ల నా కాళ్లు పట్టుకోని సంటిపిల్లగాని లెక్క ఏడ్సిండు. గిట్లయితదని నాకెవలు జెప్పిండ్రు, సాబ్?"

"ఆ రాత్రి ఇంట్లనే ఉన్నడా?"

"ఉన్నడు. లేసుడు, తిరుగుడు, కూసునుడు. తెల్లారగట్ల నా కన్ను మూతవడ్డది. గప్పుడు ఏడికన్న పోయిండా అంటె ఎట్ల జెప్పను?"

అబద్ధం ఆడి ఉంటే నాకెంత సాయం చేసేదో ఆమెకు తెలియదు. "సాయంత్రం దాక ఓపిక పట్టు. ఒక్క దమ్ము ఇస్తె నీ చేతులతోటి నువ్వే ఉరి తీసినట్టు" అన్నాను. ఎందుకో వివరంగా చెప్పే ఓపిక నాకు లేకపోయింది. చెప్పి ఉండాల్సింది.

గంజాయి దుకాణం దగ్గర కృష్ణమూర్తి నాకంటే ముందే వచ్చి నిలబడ్డాడు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ మూడు ఊళ్ళలోనూ సర్కారు గంజాయి దుకాణాల గుత్తేదారు ఆయనే. పిచ్చయ్య ఆయన కింద అమ్మేవాడు. ఖూనీ జరిగాక అబ్కారీ వాళ్ళు మూడు దుకాణాలకూ సీలు వేశారు. తెల్లపంచె, భుజాన ఉత్తరీయం, రోడ్డు మీద సొంత మోటారు.

"సీలు ఎప్పుడు తీస్తారండీ? జనం అల్లాడుతున్నారు" అన్నాడు.

"అల్లాడనీయుండ్రి" అని సోదా కోసం సీలు విప్పించి లోపలికి పోయాను.

ముందు గదిలో తక్కెడ దాని చోటనే ఉంది. పక్కన ఇత్తడి పళ్ళెంలో విడిగా అమ్మే గంజాయి, మీద తడిగుడ్డ కప్పి ఉండేది, ఇప్పుడు ఎండి అట్ట కట్టింది. గుడ్డ తీసి చూశాను. పళ్ళెం నిండా సరుకు ఉంది. ఒక చిటికెడు కూడా తీసిన ఆనవాలు లేదు. గుమ్మంలో నిలబడి చెయ్యి చాస్తే అందే పళ్ళెం అది. గంజాయి కోసం ఒళ్ళు తెలియని మనిషి ఖూనీ చేసి ఈ పళ్ళెం దాటుకుని పోతాడా?

వెనక గదిలో నెత్తురు ఎండిన చోట, గోడవార, ఒక చెక్కపెట్టె ఉంది. పోయింది దీనిలోని సరుకే. తాళం పగలగొట్టలేదు, గొళ్ళెం దగ్గర గీత కూడా పడలేదు. ఎవరో తాళంచెవి తిప్పి, నిమ్మళంగా తెరిచారు. మూత ఎత్తగానే, ముందు గదిలో గాలికి ఎండిన పళ్ళెంలో లేని కర్పూరం వాసన గుప్పుమంది.

"పురుగు పట్టకుండా పిచ్చయ్య కర్పూరం బిళ్ళలు వేసేవాడు" అన్నాడు కృష్ణమూర్తి, గుమ్మంలోంచే. "మిగతా దుకాణాల్లో ఎవరూ వెయ్యరు. వాడి చాదస్తం."

"దీంట్ల ఏముండె?"

"కొత్తగా వచ్చిన మూట. సీలు కూడా విప్పలేదు."

"ఖూనీ అయిన మర్నాడు అబ్కారీ తనిఖీ ఉండె గదా?"

"ఉంది. ఇంతలో ఈ ఘోరం. మత్తు మనిషి చేత ఎంత పని చేయిస్తుందో చూడండి. పాపం ఆ దుర్గయ్య!"

పొద్దుటి నుంచి అదే మాట విని విని నా ఒళ్ళు మండిపోయి ఉంది. "మత్తు కాదు, గిత్తు కాదు. వాడు ముట్టుడు బందు చేసి శానా దినాలైంది. వాని పెయ్యే సాక్ష్యం. సాయంత్రం డాక్టరు సూస్తె అందరికీ తెలుస్తది" అనేశాను.

"అలాగా" అన్నాడు కృష్ణమూర్తి. కాసేపుండి, వేరే పని ఉందని వెళ్ళిపోయాడు.

నేను పెట్టె ముందు కూర్చుని ఆలోచించాను. దొంగకు గంజాయి అక్కర్లేదు, ఈ ఒక్క మూటే కావాలి. తనిఖీకి ముందే కావాలి. అంటే సర్కారు సీలు కింద సర్కారుది కాని సరుకు ఉండాలి. బెజవాడ వైపు సరిహద్దు దాటి కోదాడ మీదుగా దొంగసరుకు వస్తోందని చెవిన పడుతూనే ఉంది. పిచ్చయ్య అది కనిపెట్టి, తనిఖీలో చెబుతానని బెదిరించి ఉంటాడు. ఇరుగుపొరుగును అడుగుదామని బయలుదేరితే ఒక్కడు నోరు విప్పలేదు. యూనియన్ పోలీసు, నిజాం పోలీసు, దళం, అందరి చేతా దెబ్బలు తిన్న ఊరు. ఎవరికీ ఏమీ కనబడదు, వినబడదు. విసిగిపోయి పొద్దు వాలుతుండగా ఠాణాకు తిరిగొచ్చాను.

ప్రభాకర్ నా కుర్చీలో ఉన్నాడు.

"డాక్టరు వచ్చి వెళ్ళాడు" అని ఇంకో కాగితం చేతికిచ్చాడు. "నాడి బాగుంది. వణుకు లేదు. చెమట లేదు. ఆకలి బాగుంది. ఇక మీరేమంటారు?"

నేను లాకప్ వైపు పరుగెత్తాను.

దుర్గయ్య బాసింపట్టు వేసుకుని రొట్టె తింటున్నాడు. కళ్ళు ఎర్రగా, హాయిగా ఉన్నాయి. మణికట్టు మీద దారం లేదు. పళ్ళతో కొరికి తెంపిన ముక్క నీళ్ళకుండ పక్కన పడి ఉంది.

"ఎంత పని చేసినవ్‌రా!" అన్నాను. ఊచల్ని పట్టుకుని ఊపాను. అవి కదల్లేదు, వాడూ కదల్లేదు.

"తిట్టకుండ్రి, సాబ్. ఇయ్యాల పానం నిమ్మళంగున్నది. ఉరేస్తె ఏసిండ్రు గని, మళ్ల గా రాత్రులు నాతోని గావు. దర్గా సామి గూడ తిట్టుకుంటడు, తెలుసు. నాతోని గాలే."

ఏమని తిట్టను? అన్ని రోజులు ఒంటరిగా పోరాడిన మనిషిని ఇంకొక్క పూట పోరాడలేదని ఎలా తిట్టను? అయినా తిట్టాను. నోటికొచ్చినట్టు తిట్టాను. దుర్గయ్య నవ్వుతూ విన్నాడు.

ప్రభాకర్ వెనకే వచ్చాడు. లాకప్‌లో పొగ వాసన ఆయన ముక్కుకు ఇప్పుడు తగిలింది. తెలివైనవాడు కాబట్టి వెంటనే తనవైపు తిప్పుకున్నాడు. "చూశారా? దొంగిలించిన సరుకు ఒంటి మీదే దాచుకున్నాడు. ఇంతకంటే రుజువు ఏం కావాలి?"

"నిన్న మొలతాడు దాక మీరే సోదా చేసిండ్రు. అప్పుడు దొరకలేదా?"

నేను తాళం తీయించి లోపలికి వెళ్ళి దుర్గయ్య పక్కనున్న రొట్టెల మూట విదిలించాను. అడుగున అగ్గిపెట్టె, మోదుగాకులో మడిచిన పొట్లం దొరికాయి. పొట్లం సగం ఖాళీ. ముక్కు దగ్గర పెట్టుకున్నాను, పెట్టుకున్నదాన్ని అలాగే తీసుకెళ్ళి ప్రభాకర్ ముక్కు కింద పెట్టాను.

"ఏం వాసన?"

"గంజాయి."

"మళ్ల చూడుండ్రి."

రెండోసారి పీల్చి కనుబొమలు ముడిచాడు. "కర్పూరం?"

"పిచ్చయ్య పెట్టెల కర్పూరం. మూడు ఊళ్ళల్ల ఇంకెవ్వడూ గంజాయిల కర్పూరం వెయ్యడు, గుత్తేదారే చెప్పిండు. వాసన ఇంక పోలేదు, అంటే ఖూనీ నాడు పోయిన మూటలది ఇది. దుర్గయ్య నిన్నటి సంది తాళం లోపల ఉన్నడు. సరుకు ఇయ్యాల బయట నుంచి వచ్చింది. అంటే మూట ఎవరి కాడ ఉన్నది?"

ప్రభాకర్ చేతిలోని డాక్టరు కాగితం కిందికి దిగింది. "రొట్టెలు ఎవరు తెచ్చారు?" అని అరిచాడు.

ఫకీరా రెండడుగులు వెనక్కి వేశాడు. "సాయమ్మ, సాబ్. తిండి పోవచ్చన్నరు గదా. రొట్టెలే అనుకున్న. మూట ఇప్పలే."

"సాయమ్మకు ఎవరిచ్చిండ్రు?" అని నేను దుర్గయ్యను అడిగాను.

"గుత్తేదారు ఇచ్చిండట, సాబ్" అన్నాడు దుర్గయ్య నమలడం ఆపకుండా. "ఠాణా బయట ఏడుస్తుంటె కృష్ణమూర్తి దొరే పిలిచి, నీ మొగని పానం నిలవెట్టుకో అని చేతుల పెట్టిండట. మంచోడు."

పెద్దమనిషి, సొంత మోటారు ఉన్నవాడు, బండివాడి పెళ్ళాన్ని తానే పిలిచి పలకరించేసరికి నమ్మింది ఆమె. పొద్దున నేను కసిరాను, మధ్యాహ్నం ఆయన కనికరించాడు. ఎవరి మాట వింటుంది?

ఆ చేతుల మీదుగా పొట్లం వచ్చిందని చెప్పగలిగేది లోకంలో సాయమ్మ ఒక్కతే. దుర్గయ్య చెప్పేది విన్న మాటే, అది కోర్టులో నిలవదు.

"సాయమ్మ ఏది?" అన్నాను.

ఫకీరా ప్రభాకర్ వైపు చూశాడు. ప్రభాకర్ గోడ వైపు చూశాడు. ఆయన గొంతు పొద్దున విన్న గొంతులా లేదు.

"నేనే పంపించానండీ. డాక్టరు వెళ్ళాక కృష్ణమూర్తి గారు వచ్చారు. అటే వెళ్తున్నాను, గరిడేపల్లిలో వాళ్ళమ్మ దగ్గర దించుతానన్నారు. ఆమె రానంది. ఒంటరి ఆడమనిషివి, ఇక్కడ పడి ఉండటం ఎందుకని... నేనే బలవంతంగా మోటారు ఎక్కించాను."

"ఎంతసేపైంది?"

"మీరు రావడానికి కాస్త ముందే. ఇప్పటికి గరిడేపల్లి దారిలోనే ఉంటారు, జీపులో అందుకోవచ్చు."

"గరిడేపల్లి తొవ్వ పట్టలే, సాబ్" అన్నాడు ఫకీరా మెల్లగా. "నేను గేటు కాడ్నే ఉన్న. మోటారు కోదాడ రోడ్డు మీదికి మలిగింది."

ప్రభాకర్ టోపీ కూడా తీసుకోకుండా మెట్లు దూకాడు. జీపు హ్యాండిల్ తిప్పుతున్న చప్పుడు వినబడుతోంది, అది అంటుకోవడం లేదు. నేను తుపాకీ అందుకుని బయటికి తిరిగేసరికి దుర్గయ్య ఊచల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. మూతి తుడుచుకుంటూ, సిగ్గుపడుతున్నట్టుగా నవ్వాడు.

"మా సాయమ్మ కనవడితె జెప్పుండ్రి, సాబ్. ఇయ్యాల కడుపు నిండ తిన్నడని జెప్పుండ్రి. శానా దినాలాయె, తినుమని మొత్తుకుంటున్నది."

చెప్తానని కూడా అనలేక పరుగెత్తాను.